తొండ తీసిన దండీలు

పెరటి కంచె మీద ఓ తొండ కాపురముండేది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని ఎవరో అనగా విన్నప్పటి నుంచి, అది ముదిరే పనిలో పడింది. రోజూ ముందుకాళ్ల మీద లేస్తూ పడుతూ వంద దండీలు తీసేది. వెనక కాళ్లు ఎలాగూ ఎవరి కంటా పడవు కనుక వాటికి శాశ్వతంగా సెలవిచ్చేసింది.

"కాస్త పరుగు కూడా నేర్చుకో అల్లుడూ, పిల్లి తిరుగుతోంది" అంది గోడ మీది ముసలి బల్లి.

"పరుగు పిరికివాళ్ల విద్య అత్తా!" అంది తొండ.

మర్నాడే పిల్లి రానే వచ్చింది. తొండ ఛాతీ పొంగించి చూపించింది. ఆ కండలు చూసి పిల్లికి ఆకలి రెట్టింపైంది. పరిగెడదామంటే తొండకు వెనక కాళ్లు కదల్లేదు. ముళ్లకంపలోకి దొర్లిపడి, ఓ కాలివేలు పిల్లికి సమర్పించుకుని, ఎలాగో బతికి బయటపడింది.

"నా తప్పు తెలిసొచ్చింది అత్తా" అంది మూలుగుతూ.

"హమ్మయ్య! ఏమిటి నాయనా అది?"

"వంద చాలవు. రేపటి నుంచి రెండు వందలు తీయాలి."

బల్లి చిక్‌చిక్‌మని నాలుక చప్పరించింది.

"అదిగో, బల్లి పలికింది! నా మాట సత్యం!" అంటూ తొండ మళ్లీ దండీలకు దిగింది.

కంచె కింద పిల్లి కూడా ఆ శకునం విని, మీసాలు సర్దుకుంది.