ఓటు వంతు

“ఎన్నిక అయిపోయింది! ఇక ఇళ్లకు వెళ్లండి!”

చాటింపువాడి కేక మైదానం చివర నిలబడ్డ ఫిలేరోస్‌కు అర్థం కాలేదు. యజమాని అతన్ని బానిసత్వం నుంచి వదిలిపెట్టి అయిదు నెలలైంది. రోము పౌరుడిగా ఇదే మొదటి ఓటు. పొద్దుటినుంచీ ఎండలోనే ఉన్నాడు.

“అదేంటి బాబాయ్, మనల్ని పిలవనేలేదే?”

పక్కనున్న ముసలి కుమ్మరి విబియస్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. “ముందు డబ్బున్నోళ్ల గుంపుల్ని పిలుస్తార్రా. గుంపుకొక ఓటు. ఎక్కువ గుంపులు వాళ్లవే. వాళ్లు ఒక్కమాట మీదుంటే ఇంక మనతో ఏం పని?”

“పోయినేడు?”

“పోయినేడూ అంతే. ముప్పయ్యేళ్లుగా వస్తున్నా. ఒక్కసారీ నా వంతు రాలేదు.”

“మరి ఎవరికి వేశావో ఏటా వీధంతా చెబుతావే?”

ముసలాయన బట్టల దుమ్ము దులుపుకుని అతనితో కలిసి ఊరివైపు నడిచాడు.

ఊరి గుమ్మం దగ్గర ఫిలేరోస్ భార్య నికే నీళ్లకడవతో ఎదురుచూస్తోంది. ఆమె ఇంకా బానిసే. ఆలస్యమైతే యజమానురాలు కొడుతుందని తెలిసీ ఆగింది.

“వేశావా? ఎవరికి వేశావయ్యా?”

వెలిగిపోతున్న ఆ మొహాన్ని ఫిలేరోస్ కాసేపు చూశాడు.

“గెలిచినవాళ్లకే” అన్నాడు.

“అయితే నీ మాట చెల్లిందన్నమాట!” నికే నవ్వుతూ కడవ ఎత్తుకుని, దాదాపు పరుగెత్తుతూ వెళ్లిపోయింది.

విబియస్ నీరసంగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఈపాటికి వంటింట్లో అందరికీ చెప్పేస్తూ ఉంటుంది. ఇక ఏటా రాక తప్పదురా నీకు.”