జడ్జి గౌను

హాలీవుడ్ పక్కనే ఉన్న బర్బాంక్‌లో, సినిమాలకు నటుల్ని ఎంపిక చేసే ఆ ఆఫీసు వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు.

బట్టతల, బొజ్జ, అరవై దాటిన మొహం.

కోర్టు జవాను వేషానికి అలాంటివాళ్లే కావాలన్నారు మరి. ఆ వేషానికి ఉన్నది ఒకే ఒక్క మాట. "అందరూ లేచి నిలబడండి." దానికోసం పొద్దుటి నుంచీ ఇంతమంది ముసలాళ్లు గొంతులు సవరించుకుంటున్నారు.

వాళ్లలో మెర్విన్ హాస్క్ ఒకడు.

ఏడాది వెళ్లేలోగా అతనికి ఒక్క వేషమైనా పడాలి. పడితే నటుల సంఘం ఇచ్చే ఆరోగ్య బీమా నిలుస్తుంది. లేదంటే కొత్త సంవత్సరం నుంచి భార్య రోజలిన్‌కు డయాలిసిస్ చేయించే దారి లేదు.

అంతలో ఒక పొడుగాటి ముసలాయన వచ్చి చివర కూర్చున్నాడు.

తలలన్నీ అటు తిరిగాయి.

ఆ మొహం చూడనివాడు అమెరికాలో లేడు. ఆ పేరు తెలిసినవాడు ఆ వరండాలో లేడు. హాలీవుడ్ మర్యాద అలాంటిది. మొహం వాడుకుంటారు, పేరు అడగరు.

"ఆయనే కదూ? రైల్లో టిక్కెట్లు చింపే ఆయన. అబ్బ, ఏం సినిమా అది!"

"అదొక సినిమానా? పడవ మీద వంటవాడుగా వేశాడు చూడు, అదీ సినిమా. చేతిలో గరిట వదలకుండా ఏడుస్తాడు."

"నీ బొంద. హంతకుణ్ణి చర్చిలో దాచే ఫాదర్ వేషం ముందు అవన్నీ ఎందుకూ పనికిరావు."

ఒకడు ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాడు. "మీరే చెప్పండి పెద్దాయనా. మీ సినిమాల్లో ఏది గొప్పది?"

"మధ్యాహ్నం మంచి భోజనం పెట్టిన ప్రతిదీ."

వరండా అంతా నవ్వింది. మెర్విన్‌కు ఒళ్లు మండింది.

"మూడొందల సినిమాలు చేశావట. ఇంకా ఆకలి తీరలేదా? ఈ ఒక్క ముక్క వేషం కూడా మింగుదామని వచ్చావా?"

"రమ్మన్నారు, వచ్చాను."

"రమ్మనక ఏం చేస్తారు! నువ్వుండగా మా మొహాలు ఎవడు చూస్తాడు? నా పెళ్లాం మిషను మీద బతుకుతోందయ్యా. ఈ వేషం పోతే ఇన్సూరెన్సు పోతుంది. అది పోతే మనిషే పోతుంది. నీకేం పోతుంది?"

పక్కవాడు మెర్విన్ మోచెయ్యి పట్టుకుని లాగాడు. "ఊరుకోవోయ్. వయసులో పెద్దాయన."

పెద్దాయన మెర్విన్ కేసి చూశాడు.

ఇంతలో ఒక అమ్మాయి తలుపు తీసి, వరస చూడకుండా ఆయన్నే లోపలికి పిలిచింది.

"చూశారా!" మెర్విన్ లేచి తలుపు అదిరేలా అరిచాడు. "శవాల మీద పేలాలు ఏరుకునే రకం!"

గంట తర్వాత మెర్విన్ వంతు వచ్చింది. "అందరూ లే..." దగ్గర గొంతు కీచుమంది.

"థాంక్యూ" అన్నారు లోపలివాళ్లు. వాళ్ల భాషలో దానికి అర్థం, బయటికి దారి అటు అని.

"ఏమన్నారు?" అంది రోజలిన్, ఇంటికి రాగానే.

"చూద్దామన్నారు."

"అంటే లేదన్నమాట." ముప్పై ఏళ్లుగా నటుడి భార్య ఆవిడ. ఇంకేమీ అడగకుండా సూప్ వేడిచేసి పెట్టింది. ఇద్దరూ తాగలేదు.

మర్నాడు ఫోను మోగింది.

"హాస్క్ గారా? జడ్జి వేషం ఉంది. మూడు రోజుల పని. ఈ వారమే."

"జవానుకే పనికిరానని పంపేశారు కదమ్మా. జడ్జి ఏమిటి?"

"చేస్తారా, చెయ్యరా? అది చెప్పండి."

మెర్విన్ చేస్తానని చెప్పి ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. నెలల తరబడి గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టయింది. రోజలిన్ కళ్లు తుడుచుకుని, నవ్వి, "జడ్జిగారూ, ఆ చెత్తబుట్ట బయట పెట్టి రండి" అంది.

"ఆ ముసలాణ్ణి కాదని నన్ను తీసుకున్నారే!" చెత్తబుట్ట చేత్తో పట్టుకునే మెర్విన్ పొంగిపోయాడు. "వాడి మొహమే కాదు, నా సత్తా కూడా చూశారు ఎవరో."

షూటింగ్ రోజున జడ్జి గౌను తొడుక్కుంటే జానెడు నేల మీద పారాడింది. చేతులు గౌనులోనే మునిగిపోయాయి.

"ఎవరి కొలతకు కుట్టావమ్మా, వీధిలో తాటిచెట్టుకా?"

దుస్తులు చూసే ఇనెస్ మోకాళ్ల మీద కూర్చుని, అంచు మడిచి పిన్నులు గుచ్చుతోంది. నోట్లోంచి పిన్ను తీసి అంది.

"ప్రిచెట్ గారి కొలతకు. ఎల్వుడ్ ప్రిచెట్. ఈ వేషం దర్శకుడు ఆయన కోసమే రాయించాడు. దీంతో ఆయన సినిమాలు మానేద్దామనుకున్నాడు."

"ఆయనెవరు? నేనెరగను."

"ఎరగకేం? వరండాలో తిట్టిపోశావుగా. జవాను వేషానికి రాలేదయ్యా ఆయన, ఈ గౌను కొలతలు సరిచూసుకోవడానికి వచ్చాడు."

మెర్విన్ చేతులు గౌనులోనే ఆగిపోయాయి.

"ఎక్కడుంటాడమ్మా? ఒక్కసారి చూసి రావాలి."

"మొన్ననే ఇల్లు ఖాళీ చేసి ఊరు వదిలేశాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"మరి ఈ వేషం నాకెందుకు..."

ఇనెస్ ఇంకో పిన్ను గుచ్చింది.

"నీ కేకలు విని, బయట అరుస్తున్నాయన పేరు కనుక్కోమన్నాడు. 'సినిమాల్లో జడ్జినై ఇన్నేళ్లూ ఎంతమందికో ఉరిశిక్షలు వేశాను, పోతూ పోతూ ఒక్కావిణ్ణి బతకనివ్వండి' అని ఈ గౌను విప్పి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు."