పొదుగువాపు కేసు

నాయనమ్మ, నాన్న, బాబాయి, పాలు పితికే అత్త, పశువుల డాక్టరు. ఆ రోజు ఇంట్లో ఉన్నది ఈ అయిదుగురేనని అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది. ఒక్కొక్కరి ఎదురుగా అనుమానాలకు రెండేసి గీతలు వదిలింది.

"నాలుగో ఆవుకీ వచ్చేసింది," అన్నాడు డాక్టరు, షెడ్డులో గొంతుకూర్చుని పొదుగు నొక్కి చూస్తూ. "గుమ్మం దగ్గర మొదలై వరుసగా లోపలికి నడుస్తోంది. క్రిమికి కాళ్ళుండవు కదా, ఎవరో మోసుకెళ్తున్నారు."

"ఎవరో ఏంటి నాయనా, మహాతల్లి ఎదురుగానే ఉంటే!" అంది నాయనమ్మ.

అత్త బకెట్ కింద పెట్టింది. "పదహారేళ్ళుగా పితుకుతున్నా పెద్దమ్మా. ఇవాళ నా చేతులు చేదయ్యాయా?"

"ఆ చేతుల్లో క్రిమి దొరకనీ. ఆ మర్నాటి నుంచి నువ్వు రావక్కర్లేదు."

నాన్న నేల చూశాడు. తల్లి మాటకు ఆయన ఎప్పుడూ నేలే చూస్తాడు. అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలాగైనా అసలు దొంగను పట్టుకుని అత్తను కాపాడాలని అమ్మాయి గట్టిగా అనుకుంది.

డాక్టరు దూది చుట్టిన పుల్లలతో అత్త చేతులు, బకెట్, గచ్చు, నీళ్ళతొట్టి, చివరికి బాబాయి బూట్లు కూడా రుద్ది, ఒక్కో పుల్లనీ పరీక్షకని ఒక్కో సీసాలో వేశాడు.

"నా బూట్లేం చేశాయండీ?" అన్నాడు బాబాయి.

"వాటిని కడిగిన పాపాన పోలేదురా నువ్వు," అంది నాయనమ్మ.

డాక్టరు మంచినీళ్ళకని ఇంట్లోకి వెళ్ళగానే అమ్మాయి తన రోజువారీ పనిలో పడింది. తడిగుడ్డతో ఆవుల పొదుగులు వరుసగా తుడుస్తూ అందరినీ ఓరకంట గమనించింది. తుడిచేవాళ్ళను ఎవరూ పట్టించుకోరు. గూఢచారికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది!

బండి కుదుపుకు సీసాలు పగిలిపోతాయేమోనని భయమేసి, చేతిలోని గుడ్డలోనే వాటిని మూటకట్టి డాక్టరుకు ఇచ్చింది.

"బంగారు తల్లి," అన్నాడాయన.

నాలుగో రోజు డాక్టరు మళ్ళీ వచ్చాడు. అందరూ షెడ్డు ముందు చేరారు.

"ఈమె చేతులు శుభ్రం. బకెట్ శుభ్రం. గచ్చూ తొట్టీ శుభ్రం."

అమ్మాయి నోటుబుక్కులో ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చింది.

"మరి వీడి బూట్లు?" అంది నాయనమ్మ ఆశగా.

"లోకంలోని క్రిములన్నీ ఉన్నాయమ్మా, ఇదొక్కటి తప్ప. సీసాల్లో ఎక్కడా దొరకలేదు. కానీ దొరికింది."

ఆయన అత్తను పక్కకు పిలిచి, సంచిలోంచి ఏదో తీసి ఇచ్చి, చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. అత్త నోరు తెరిచింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆవులకు నయమయ్యేదాకా ఆ మనిషిని లోపలికి రానివ్వకు," అన్నాడు డాక్టరు.

"నా సంగతి తెలీదా మీకు, చీమని కూడా రానివ్వను!"

అత్త షెడ్డు గుమ్మమెక్కింది. ఎవరి ముఖం మీద తలుపు పడుతుందో చూసి రాసుకుందామని అమ్మాయి పెన్సిలు పట్టుకుని అందరికన్నా ముందుకెళ్ళి నిలబడింది.

అత్త సీసాలు మూటకట్టిన ఆ గుడ్డను అమ్మాయి చేతిలో పెట్టి తలుపు వేసేసింది.