ధర్మసత్రం

"కుంటుకుంటూ వచ్చాడని, కార్డు అడక్కుండా తలుపు తీసేస్తావా? వాడు నిన్ను పరీక్షించడానికి నేను పంపిన మనిషి!" సెక్యూరిటీ ఆఫీసర్ రిసెప్షనిస్టును అందరి ముందూ దులిపేశాడు. "నీ జాలికి మన డేటా మొత్తం ఊడ్చుకుపోతారు. కార్డు లేకపోతే నేనొచ్చినా తీయకు!"

ఆరోజు నుంచి ఆఫీసంతా ఆమెను 'ధర్మసత్రం' అని పిలిచింది.

వారం తిరక్కుండానే ఆఫీసర్ అద్దాల తలుపు అవతల నిలబడ్డాడు. మెడలో కార్డు లేదు. ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, రెండో చేత్తో అద్దం కొడుతున్నాడు.

"ఈసారి మోసపోను సార్!" ఆమె నవ్వింది.

అతను కూలబడ్డాడు.

"అబ్బ, ఏం నటన! మన ధర్మసత్రం పాసైపోయింది!" లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆమె తలుపు తీయకుండా అతని నుదుటి మీది చెమటనే చూస్తోంది. ఈ ఉద్యోగానికి ముందు పన్నెండేళ్లు గుండెజబ్బుల వార్డులో నర్సుగా చేసింది. ఆ చెమట నటిస్తే పట్టేది కాదని ఆమెకు తెలుసు.