ఎలుగు గానుగలో మాటలు

ఎలుగుబంటి గానుగను ఏళ్ల తరబడి తిప్పింది ముసలి దున్నే. బలానికి లోటు లేదు గానీ, పూటకో గడ్డివామి మింగేది. అందుకని ఎలుగు దాన్ని పక్కకు తోలేసి, పిడికెడు ఆకులతో సరిపెట్టుకునే మేకల్ని తెచ్చి కట్టింది.

"చో!" అంది ఎలుగు. మేకలు కదల్లేదు. "హో!" అంది. పరుగందుకున్నాయి. ఎలుగు కర్ర తీసింది.

దున్న మనసు ఊరుకోలేదు. మేకల దగ్గరికొచ్చి, "చో అంటే నడవాలి తల్లీ, హో అంటే ఆగాలి. వాడి తాతలనాటి మాటలు, వాడు మార్చుకోడు," అంది.

"ఇవన్నీ మాకు నేర్పేస్తే రేపు నీ మేత సంగతేంటి తాతా?" అంది పెద్ద మేక.

"నా సంగతి ఎటూ అయిపోయింది. మీ వీపులు కాచుకోండి."

"మరి, 'ఇక చాలు' అనడానికి ఏమంటాడు?"



"ఏమో తల్లీ. ఆ మాట నేనెప్పుడూ వినలేదు."