చివరి కుర్చీ

"ఇంకోసారి నడవండి తాతా!" పక్షవాతం వ్యాయామాల మీద పరిశోధన చేసే అమ్మాయి స్టాప్‌వాచ్ నొక్కింది. గది చివరి కుర్చీ దాకా పది మీటర్లకి ఇరవై ఆరు సెకన్లు. పోయిన నెల పద్దెనిమిదే.

ఆమె ఆ అంకె కాగితం మీద రాసుకుంది. "ఈ అంకె తగ్గకపోతే మా పైవాళ్లు మీ వ్యాయామం ఇవాళ్టితో ఆపేస్తారు. కాస్త గబగబా అడుగులు వేయలేరా?"

"పక్షవాతం కాలికొచ్చింది గానీ చెవికి రాలేదు, అరవకు," అని నవ్వాడాయన. "పోయిన నెల పడిపోతానని హడలిపోయి, ఆ చివరి కుర్చీ అందుకోవాలని పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు భయం పోయిందమ్మా. అందుకే తీరిగ్గా వస్తున్నా."

ఆమె కాగితమంతా వెతికింది. సెకన్లకి తప్ప దేనికీ గడి లేదు.

కాగితం వెనక్కి తిప్పి, ఆ చివరి కుర్చీ లాక్కుని తనే కూర్చుంది.

"భయం ఎలా పోయిందో మొదట్నించీ చెప్పండి తాతా. ఆపేవాళ్లు ఇది కూడా చదవాలి."