ఒక ముడి, రెండు ముళ్లు

"ఎర్ర వైరు ఇస్తున్నా, పట్టుకో," అంది ఎలక్ట్రీషియన్ భార్య.

కారు బంపరు ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్న ఎలక్ట్రీషియన్ చెయ్యి చాపాడు. ఆవిడ వైరు అతని అరచేతిలో పెట్టింది. ఎడమవైపు బోల్టు తుప్పు పట్టిందనీ, రెంచి మోకాలి పక్కనే ఉందనీ, మాస్టారు డోరుకు ఆనుకుని నిలబడ్డారనీ చెప్పుకుంటూనే పోయింది.

డ్రాయింగ్ మాస్టారికి తల వాచిపోతోంది. వచ్చి గంటన్నరయింది. ఆవిడ నోటికి నిమిషం విశ్రాంతి లేదు. ఎదురుగా జరుగుతున్న పనికి ఈ కామెంటరీ ఎందుకో, ఈ మనిషి ఆవిడతో ఎలా వేగుతున్నాడో అనుకున్నాడు. ఆ మాటే కాస్త మెత్తగా అడిగాడు కూడా.

"ఆవిడ గొంతు వినబడకపోతే నాకు చెయ్యి ఆడదండీ," అని నవ్వాడు ఎలక్ట్రీషియన్.

"ఈ ముక్క మీ ముందు అంటాడు. ఇంట్లో ఒక్కసారి అనమనండి చూద్దాం," అంది ఆవిడ.

షెడ్డులో వెలుతురు అంతంత మాత్రం. పైన హోల్డరుంది, అందులో బల్బు లేదు, సాలెగూడుంది. వచ్చిన ప్రతి బండికీ దీపాలు బిగించే మనిషికి సొంత షెడ్డులో దీపం దిక్కులేదన్నమాట. మరో రోజైతే మాస్టారు పైకే నవ్వేవాడు.

కానీ ఇంట్లో అక్క మంచం మీద కూర్చుని ఎదురుచూస్తోంది. ఆమె కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు తెల్లారి ఆరింటికల్లా కొండ అవతల ఆసుపత్రిలో డయాలసిస్ మంచం ఎక్కాలి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. మొన్న కొండదారిలో పొగమంచు పట్టేసింది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టయింది. రోడ్డెక్కడ ఆగిందో, లోయ ఎక్కడ మొదలైందో తెలియక గంటసేపు కారు పక్కకు ఆపుకుని కూర్చున్నాడు. అక్క ఆయాసపడింది. ఆసుపత్రికి చేరేసరికి మంచం పోయింది. ఇప్పుడు ఆమె పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. రేపు కూడా తప్పితే ఏమవుతుందని అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు.

కింద బంపరుకు పసుప్పచ్చ ఫాగ్ లైట్లు వేయించమన్నది పెట్రోలు బంకులోని పెద్దాయన. ఈ షెడ్డుకు పంపుతూ, "పనిమంతుడు. ఆయన పద్ధతిలో ఆయన్ని చేసుకోనివ్వండి, మధ్యలో వేలు పెట్టకండి," అని మరీ చెప్పాడు.

ఎలక్ట్రీషియన్ భార్య రెండు వైర్ల కొసలకు నూలు దారం చుట్టింది. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు ముళ్లు. "కట్టేశానయ్యా, నీళ్లు పట్టుకొస్తా," అని పెరట్లోకి వెళ్లింది. అక్కడ మోటారు రొద మొదలైంది.

ఎలక్ట్రీషియన్ లేచి, కారు అంచు పట్టుకుని చుట్టూ తిరిగి, డాష్‌బోర్డు కింద స్విచ్చి బిగిస్తున్నాడు. ఊరికే నిలబడలేక మాస్టారు గోనెసంచి దగ్గర కూర్చున్నాడు. వైర్లు చిందరవందరగా ఉన్నాయి. కొసల్లో ఆ మసి దారాలొకటి. టేపు చుడితే ఉబ్బెత్తుగా ఉంటాయని వాటిని లాగేసి, వైర్లు చక్కగా పక్కపక్కన పేర్చాడు. బొమ్మలు గీసే చెయ్యి, వంకర ఓర్చుకోదు.

ఎలక్ట్రీషియన్ తిరిగొచ్చి, వైరు ఒకటి అందుకుని, ఒక్కక్షణం వేళ్లతో నలిపి, జత కలిపాడు. స్విచ్చి వేయమన్నాడు. మాస్టారు వేశాడు.

ఠప్పుమంది. కాలిన వాసన. ఫ్యూజు పోయింది.

"దారాలేవి?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నేనే తీసేశాను. ఎర్రదేదో నల్లదేదో చూస్తే తెలుస్తూనే ఉందిగా."

ఎలక్ట్రీషియన్ చేతికో వైరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భార్యను రెండుసార్లు పిలిచాడు. మోటారు రొదలో ఆవిడకు వినబడలేదు. ఇంకొక్క ఫ్యూజే మిగిలిందనీ, అది కూడా పోతే రేపు మధ్యాహ్నానికి గానీ దొరకదనీ చెప్పాడు.

మాస్టారి జేబులో ఫోను మోగింది. అక్క.

"అయ్యిందిరా?"

"అయిపోవచ్చిందే."

"తొందరేం లేదులే తమ్ముడూ. మెల్లగానే రా." ఆ రెండు ముక్కలకే ఆమెకు మూడుసార్లు ఊపిరి ఆగింది.

మాస్టారు ఫోను పెట్టేసి చేతులు జోడించినంత పని చేశాడు. తప్పు తనదేనన్నాడు, కానివ్వమన్నాడు.

"దారం లేకుండా వైరు ముట్టనండీ. ఇందాక ముళ్లు వేసిన దారం తగలకపోయినా మొండిగా కలిపాను. ఏమైందో చూశారుగా."

ఇదేదో సెంటిమెంటని మాస్టారికి అర్థమైంది. కొందరికి నిమిషం లెక్క, కొందరికి రంగు లెక్క, ఈయనకు దారం లెక్క. వాదించే వ్యవధి లేదు. మోకాళ్ల మీద వంగి, దుమ్ములో వెతికి, దారాలు ఏరాడు.

"ఎర్రదానికి ఒక ముడి, నల్లదానికి రెండు. తప్పు కట్టకండి. మీ మీదే ఉంది," అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఒక ముడి. రెండు ముళ్లు. మాస్టారు మళ్లీ ఒకసారి సరిచూసి, అతని చేతికిచ్చాడు.

దారం తగలగానే ఆ చేతులకు ప్రాణం వచ్చింది. బొటనవేలు ముళ్ల మీద ఒక్కసారి పారింది. మెలిపెట్టడం, బిగించడం, టేపు చుట్టడం, చివరి ఫ్యూజు నొక్కడం, అన్నీ చకచకా అయిపోయాయి. ఎలక్ట్రీషియన్ బంపరు ముందు గొంతుక్కూర్చుని, లైట్లు రెండూ కదలకుండా ఉన్నాయో లేదోనని చెరో చేత్తో పట్టుకున్నాడు. వేయమన్నాడు.

మాస్టారు స్విచ్చి నొక్కాడు. లోపల రిలే టక్కుమంది.

పసుప్పచ్చటి వెలుగు భళ్లున పరుచుకుంది. గోడ మీది సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టేటంత వెలుగు. అదంతా జానెడు దూరంలో ఉన్న ఎలక్ట్రీషియన్ ముఖం మీదే పడింది. అతను రెప్ప వేయలేదు. తల కాస్త పక్కకు వంచి, రిలే టక్కుమన్న వైపు చెవి పెట్టాడు.

"వెలిగాయా మాస్టారూ?"